కింది నుంచి కొస దాకా కేకే

లెబనాన్ కొండల్లోని మా జాహ్లేలో పెళ్లి కుదిరిందంటే ముందు చర్చికి వెళ్తారు, తర్వాత నది ఒడ్డున హోటలు మాట్లాడుకుంటారు, ఆ తర్వాత మా మునీఫ్ మేస్త్రీ మిఠాయి కొట్టుకొస్తారు. ఆ కొట్లో ఇరవై రెండేళ్లుగా చక్కెరతో పూలు చేసేది నేనే. నా పేరు హియామ్. నా చేతి గులాబీలు ఊళ్లో సగం పెళ్లిళ్లు చూశాయి. వాటి కింద ఉండేదేమిటో కొట్లో అందరికీ తెలుసు. థర్మోకోల్.

ఇందులో దాపరికం ఏమీ లేదు. మా వైపు పెళ్లి కేకంటే తొమ్మిదంతస్తులు, పదకొండు అంతస్తులు ఉండాలి. ఆగస్టు ఎండలో, రోజులో సగం కరెంటు లేని ఊళ్లో, అంతెత్తున క్రీము కేకు నిలబడదు. అందుకని థర్మోకోల్ దిమ్మలకి చక్కెర పూత పూస్తాం, ముత్యాలు అంటిస్తాం. ఒక అంతస్తులో కత్తి దూరేంత గాడి పెట్టి, అందులో పిడికెడు నిజం కేకు కూరతాం. పెళ్లికొడుకూ పెళ్లికూతురూ పొడుగాటి కరవాలం పట్టుకుని ఆ గాడిలో దించుతారు. జనం చప్పట్లు కొడతారు. ఆపైన ఆ గోపురాన్ని లోపలికి తోసేసి, వంటింట్లో కోసి పెట్టిన ముక్కలు పంచుతారు. మర్నాడు థర్మోకోల్ మా కొట్టుకి తిరిగొస్తుంది. తడిగుడ్డతో తుడిచి ఇంకో పెళ్లికి పంపుతాం.

రుదైనా వాళ్లు వచ్చింది జూన్ చివర్లో, నలుగురు. పెళ్లికూతురు రుదైనా బడిలో లెక్కల టీచరు, పొట్టి మనిషి, మాట మాత్రం సూటిగా ఉంటుంది. వాళ్ల నాన్న మిఖాయిల్‌ది పై పేటలో రొట్టెల బట్టీ. పెళ్లికొడుకు నసీబ్, చూడగానే నచ్చేసే నవ్వుమొహం. నాలుగో మనిషి అతని తల్లి ఓల్గా గారు. ఆవిడ కుర్చీలో కూర్చోకముందే మాట మొదలుపెట్టేసింది.

"మా చెల్లెలి కొడుక్కి తొమ్మిదంతస్తులు పెట్టారు. నాకు పదకొండు కావాలి. పైన ఫౌంటెను. కత్తి దిగగానే లోపల్నుంచి పావురాలు ఎగరాలి."

"కేకులోంచి పావురాలా?" అన్నాను.

"బీరూట్‌లో ఎగురుతున్నాయమ్మా. జాహ్లే వచ్చేసరికి వాటికి రెక్కలు ఊడిపోతాయా?"

"అమ్మా, బెదిరిన పావురం ఏం చేస్తుందో నీకు తెలుసుగా," అన్నాడు నసీబ్. "అందులోనూ తెల్లటి కేకు మీద."

"నువ్వు నోరు మూసుకోరా. నీ పెళ్లి సంగతి నీకేం తెలుసు?"

మేస్త్రీ నవ్వకుండా మా పెద్ద నమూనాల దగ్గరికి తీసుకెళ్లి ఒక్కొక్కటీ చూపించాడు. రుదైనా అన్నిటి చుట్టూ తిరిగింది. ఒకదాని ముందు ఆగి వేలితో కొట్టింది. టక్ టక్‌మంది.

"ఇందులో తినేది ఏది, మేస్త్రీ గారూ?"

"ఇదిగోనమ్మా, ఈ మూల." గాడి చూపించాడు.

"మిగతాదంతా?"

"మిగతాదంతా చూడ్డానికి."

ఆ అమ్మాయి తండ్రి వైపు చూసి, మేస్త్రీతో నెమ్మదిగా చెప్పింది. "మా నాన్న రొట్టెలు చేస్తాడు. రొట్టె తుంచితే లోపల కూడా రొట్టే ఉంటుంది. అయిదు వందల మంది ముందు నిలబడి థర్మోకోల్‌ని కోస్తున్నట్టు నటించడం నావల్ల కాదండీ. అంతస్తులు తగ్గించెయ్యండి. రెండే చాలు. తినేదైతే చాలు."

"రెండా!" ఓల్గా గారు గుండె మీద చెయ్యేసుకుంది. "నా ఒక్కగానొక్క కొడుకమ్మా. రెండంతస్తులు పెడితే పుట్టినరోజు అనుకుని బెలూన్లు పట్టుకొస్తారు."

"వదినగారూ, పిల్ల అడిగినదాంట్లో తప్పేముంది?" అన్నాడు మిఖాయిల్. గొంతు పెద్దదే గానీ మనిషి మెత్తన.

"అన్నయ్యగారూ, మీకు రొట్టెలు తెలుసు. నాకు మా చుట్టాలు తెలుసు."

అత్తగారూ కోడలూ పెళ్లికి ముందే విరోధం పెట్టుకునేలా ఉన్నారే అని నేను భయపడుతుంటే, మేస్త్రీ ఒక్క మాట అన్నాడు.

"ఏడు."

అందరం ఆయన వైపు తిరిగాం.

"ఏడంతస్తులు. కింది నుంచి కొస దాకా కేకే. ఫౌంటెను లేదు, పావురాలు లేవు."

"నిలబడుతుందా?" అంది ఓల్గా గారు. వచ్చినప్పట్నుంచీ ఆవిడ గొంతు తగ్గడం అదే మొదలు.

"తెలీదు," అన్నాడు మేస్త్రీ. ఆయన పెళ్లివారితో ఆ మాట అనడం నేను వినడమూ అదే మొదలు.

వాళ్లు వెళ్లగానే నేను పోట్లాటకి దిగాను. "మేస్త్రీ, నీకు అరవై ఎనిమిదేళ్లు. ఈ వయసులో ఊరందరి ముందూ కేకు కూలిపోతే ఏ మొహం పెట్టుకుని కొట్టు తెరుస్తాం?"

ఆయన ఆప్రాన్ విప్పి కొక్కేనికి తగిలించాడు. "హియామ్, నేను చేసిన పెద్ద కేకుల్లో ఒక్కదాన్నైనా ఎవరైనా తింటుండగా చూశావా?"

నేను తడిగుడ్డ తీసుకుని పక్కనున్న థర్మోకోల్ దిమ్మని తుడవడం మొదలుపెట్టాను.

"నలభై ఏళ్లు. ఊరంతా నన్ను మిఠాయివాడు అంటోంది. ఇన్నాళ్లూ నేను చేసింది సున్నం పనే కదే."

ఆ రాత్రంతా ఆయన ఏం ఆలోచించాడో నాకు తెలీదు. పొద్దున వచ్చేసరికి బల్ల మీద కాగితాలు పరిచి ఉన్నాయి. క్రీము వద్దన్నాడు. ఫ్రిజ్‌ని నమ్ముకునే సరుకేదీ వద్దన్నాడు. ఎండు ద్రాక్ష, ఖర్జూరం, ఎండు ఆప్రికాట్లు, అక్రోట్లు వేసిన బరువైన ముదురు రంగు కేకు. పళ్లన్నీ మా ఊరి ద్రాక్ష సారాలో, అంటే అరక్‌లో, పది రోజులు నానాలి. మూడు వారాల ముందే కాల్చేసి, గుడ్డలో చుట్టి, రెండు రోజులకోసారి మళ్లీ అరక్ తాగించాలి. అలాంటి కేకు ఎండకి కరగదు, నిలవ ఉండేకొద్దీ బాగుపడుతుంది. పైన బాదం ముద్ద, దాని మీద గట్టి చక్కెర పూత. మధ్యలో ఒక ఉక్కు కడ్డీ. ప్రతి అంతస్తు కిందా సన్నటి చెక్క పలక, ఆ పలకకి కింది నుంచి పొట్టి కర్రల ఆసరా.

లెక్క అంతా బాగానే ఉంది. ఒక్కచోట ఆగిపోయాం. అన్నిటికన్నా కింది అంతస్తు ఎద్దుబండి చక్రమంత వస్తోంది. మా పొయ్యిలో అందులో సగం కూడా దూరదు.

ఆ సంగతి ఎలా తెలిసిందో, మర్నాడు మిఖాయిల్ సంచీ నిండా వేడి రొట్టెలతో వచ్చాడు. "నా బట్టీ నోరు నీ పొయ్యి నోటికన్నా పెద్దది, మునీఫ్. మధ్యాహ్నం రెండింటికి రొట్టెలు అయిపోతాయి. తర్వాత అది ఊరికే చల్లారుతూ కూర్చుంటుంది. వాడుకో."

"రొట్టెల వేడికి నా కేకు మాడిపోతుందయ్యా."

"చల్లారే బట్టీ అన్నాను, రగిలే బట్టీ అన్లేదు. నా కూతురి పెళ్లి కేకుని నేను మాడుస్తానా?"

జులై చివర్లో ఒక మంగళవారం మొదటిసారి వెళ్లాం. పళ్లెం మీద పిండి ముద్దని నలుగురు మోశారు. మిఖాయిల్ బట్టీ రాతిది, వాళ్ల తాత కట్టించినది, లోపల ఒక చిన్న గది అంత ఉంటుంది. మేస్త్రీ జేబులోంచి వేడి కొలిచే గొట్టం తీశాడు. మిఖాయిల్ దాన్ని చూసి, "జ్వరం ఎవరికి?" అన్నాడు. తర్వాత చిటికెడు పిండి తీసి లోపలి రాళ్ల మీద చల్లాడు. క్షణంలో నల్లబడింది.

"ఇప్పుడు పెడితే ఏడుస్తావు. ఒక సిగరెట్టు సేపు ఆగు."

ఇద్దరూ గడప మీద కూర్చుని ఒక సిగరెట్టు కాల్చారు. మళ్లీ చిటికెడు పిండి. ఈసారి ముదురు గోధుమ రంగు. ఇంకో సిగరెట్టు. మూడోసారి పిండి నెమ్మదిగా, ఆలోచించుకుంటున్నట్టు, లేత తేనె రంగుకి తిరిగింది.

"ఇప్పుడు," అన్నాడు మిఖాయిల్.

పళ్లెం లోపలికి తోసి, ఇనప తలుపు మూసి, సందుల్లో తడిపిన రొట్టె పిండి మెత్తాడు. మేస్త్రీ గంటకోసారి తలుపు తీయబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "తీశావో, వేడి వీధిలోకి పోతుంది. కూర్చో." అప్పుడప్పుడూ తలుపు దగ్గర చెవి పెట్టి వినేవాడు. ఏం వినపడుతోందని నేనడిగితే, "ఇంకా మాట్లాడుతోంది. మాట ఆగాక తీయాలి," అన్నాడు. నేను కూడా చెవి పెట్టాను. నిజంగానే లోపల్నుంచి సన్నగా, ఎవరో దుప్పటి కింద గుసగుసలాడుతున్నట్టు చిటపటమంటోంది. ఇన్నేళ్లుగా కేకుల మధ్య బతుకుతున్నాను, కేకుకి చప్పుడుంటుందని నాకు తెలీదు.

నాలుగో గంటకి వాసన వీధిలోకి పాకింది. మేడల మీది ఆడవాళ్లు ఒక్కొక్కరే కిటికీల్లోంచి వంగి చూశారు. "మిఖాయిల్, ఏమిటది? రొట్టెలు మానేసి స్వర్గం అమ్ముతున్నావా?" అని ఒకావిడ అరిచింది. కాసేపటికి గుసగుస ఆగింది. మిఖాయిల్ తలుపు ఊడదీశాడు.

లోపల చీకట్లో అది ఎర్రటి తేనె రంగులో, తాడు పెట్టి గీసినంత గుండ్రంగా, అంచు నుంచి అంచు దాకా ఒక్క పగులు లేకుండా కూర్చుని ఉంది. మేస్త్రీ తల మీది టోపీ తీసేశాడు. చర్చిలో తప్ప ఆయన టోపీ తీయడం నేనెరగను. "నీ బట్టీ, మిఖాయిల్..." అని ఆగిపోయాడు. "నీ పిండి, మునీఫ్..." అని ఆయనా ఆగిపోయాడు. ఇద్దరు ముసలాళ్లూ అలా చూస్తూ నిలబడ్డారు.

అలా రోజు మార్చి రోజు వెళ్లి ఏడూ కాల్చాం. రుదైనా బడి సెలవులే కాబట్టి వచ్చి ఎండు ద్రాక్ష తొడిమలు తీసేది. పైన ఏ అలంకారం కావాలని అడిగితే, నా గులాబీలన్నీ చూసి, "ఇంత బాగా చేస్తారు, ద్రాక్ష తీగ చేయగలరా?" అంది. ఊరంతా ద్రాక్ష తోటలే గానీ ఎవరూ నన్ను ద్రాక్ష తీగ అడగలేదు. పద్నాలుగు రోజులు పట్టింది. అడుగున మొదలై ఏడంతస్తులూ చుట్టుకుంటూ పైకి పాకే తీగ. ఆకులకి ఈనెలు, కాయల మీద పొడి పట్టినట్టు బూడిద మెరుపు, ఎక్కడో ఒక చిన్న నత్త. నత్తని చూసి మేస్త్రీ, "ఇదెందుకే?" అన్నాడు. "తోటన్నాక నత్త ఉండదా?" అన్నాను.

పెళ్లి రోజు మధ్యాహ్నం హోటలు వంటింట్లో, నేల మీద వేసిన చెక్క పీట పైన అంతస్తులు ఒక్కొక్కటే ఎక్కించాం. పైఅంతస్తు పెట్టేటప్పుడు మేస్త్రీ నిచ్చెన ఎక్కాడు. ఆయన దిగి, వెనక్కి నడిచి, దూరం నుంచి చూశాడు. నిలబడింది. రెండు వందల కిలోలు దాటింది, అయినా ఏ మూలా వెంట్రుకవాసి వంగలేదు.

మేము మర్చిపోయింది బండి. హోటలు వాళ్ల చక్రాల బల్ల థర్మోకోల్ మోయడానికి చేసింది. కేకుని దాని మీదికి ఎక్కించబోతే ఒక చక్రం కిర్రుమని పక్కకి పడుకుంది. మళ్లీ ఎత్తి ఆ పీట మీదే దించాం. బయట సాయంత్రం ఏడు గంటల వెలుగు. పెళ్లిపందిరి పై అరుగు మీద, వంటింటి నుంచి అక్కడికి పదకొండు మెట్లు. డప్పులు మొదలైపోయాయి.

మేస్త్రీ మెట్ల వైపోసారి, కేకు వైపోసారి చూశాడు. "విడదీసి తీసుకెళ్దామా?" అన్నాను.

"విడదీస్తే నీ తీగ తెగిపోతుంది."

అప్పుడు మిఖాయిల్ కొత్త సూటులో వంటింట్లోకొచ్చాడు. చూశాడు. బయటికెళ్లి బట్టీ పనివాళ్లనీ అన్నదమ్ముల కొడుకుల్నీ కలిపి ఎనిమిది మందిని తీసుకొచ్చాడు. జూన్ నెల చర్చి ఊరేగింపులో పెద్ద పటాలు మోసేది వాళ్లే. పీట కిందికి రెండు దూలాలు దూర్చారు. కోట్లు విప్పారు, భుజాల మీద తువ్వాళ్లు వేసుకున్నారు. "యేసు పేరు చెప్పి ఎత్తండ్రా. కళ్లు ముందుకి, కేకు వైపు చూడొద్దు," అన్నాడు మిఖాయిల్.

లేచింది.

మెట్ల దగ్గరికి వచ్చేసరికి డప్పుల జోరుకి వాళ్ల అడుగులు తడబడ్డాయి. కేకు చిన్నగా ఊగింది. డప్పుల నాయకుడు, మీసాలవాడు, అది చూశాడు. ఒక్క చెయ్యి పైకెత్తాడు. బూరలు ఆగిపోయాయి, డప్పులన్నీ ఆగిపోయాయి. తన పెద్ద డప్పు ఒక్కటే మోగింది. ధమ్. ఎనిమిది మందీ ఒక మెట్టెక్కారు. ఆగాడు. ధమ్. ఇంకో మెట్టు. పదకొండు దెబ్బలు. ఒక్కో దెబ్బకీ ఆ తెల్లటి గోపురం పచ్చటి తీగతో సహా మెట్టు మెట్టుగా పై అరుగు మీదికి లేచింది, నదిలోంచి ఏదో లేస్తున్నట్టు.

జనం మామూలుగా ఈలలు వేసే చోటు అది. ఎవరూ వేయలేదు. ముందు చూశారు, తర్వాత వాసన తగిలింది. వెన్న, నారింజ పూల నీళ్లు, అరక్, కాలిన చక్కెర. ఇన్ని పెళ్లిళ్లలో కేకు వెళ్తుంటే ఎప్పుడూ రాని వాసన. వరసలు వరసలుగా జనం లేచి నిలబడ్డారు. నా పక్కనున్న ముసలావిడ సిలువ గుర్తు వేసుకుని, "ఇది నిజందే," అంది. ఆ మాట బల్ల నుంచి బల్లకి పాకిపోయింది. నిజందట. మొత్తం నిజందట.

రుదైనా, నసీబ్ కరవాలం పట్టుకుని మూడో అంతస్తు మీద ఆనించి నొక్కారు. దిగలేదు. మళ్లీ నొక్కారు. థర్మోకోల్ గాడి కాదుగా, మూడు వారాలు అరక్ తాగి బిగిసిన కేకు.

"ఒరే నసీబ్, పొద్దున అన్నం తిన్లేదట్రా?" అని ఓల్గా గారు కేకేసింది. అరుగంతా నవ్వింది. నసీబ్ చెవులు ఎర్రబడ్డాయి.

రుదైనా అతని చేతి మీద చెయ్యి వేసి ఏదో చెప్పింది. ఇద్దరూ నొక్కడం మానేసి, కత్తిని ముందుకీ వెనక్కీ లాగారు, రొట్టె కోసినట్టు. కత్తి దిగడం మొదలైంది. చక్కెర పూత పగిలిన చప్పుడు, తర్వాత ఏ చప్పుడూ లేదు. పిడి దగ్గర దాకా దిగింది. బయటికి తీస్తే అంచు పొడవునా ముదురు రంగు కేకు, మధ్యలో ఒక ఎండు ద్రాక్ష అంటుకుని ఉంది. రుదైనా ఆ ద్రాక్ష తీసి నసీబ్ నోట్లో పెట్టింది.

అప్పుడు లేచిన అరుపు కొండ మీది ఇళ్లకి కూడా వినపడి ఉంటుంది.

కేకుని ఎక్కడికీ తోసుకుపోలేదు. అందరి ముందే కోశారు. కోయాల్సింది మేస్త్రీయే కదా, పిలవడానికి నేను కిందికి దిగితే, ఆయన వంటింట్లో గ్యాసు పొయ్యి వెనకాల నిలబడి ఉన్నాడు. నలభై ఏళ్లలో ఆయన ఏ పెళ్లి పందిట్లోకీ రాలేదు. రుదైనా పెళ్లి గౌను రెండు చేతులతో ఎత్తి పట్టుకుని పదకొండు మెట్లూ దిగి లోపలికొచ్చింది.

"రండి మేస్త్రీ గారూ."

"ఈ పిండి చొక్కాతోనా, తల్లీ?"

"మా నాన్న రోజూ ఇలాంటి చొక్కాతోనే ఉంటాడు. రండి."

మొదటి ముక్క ఆయన నెమ్మదిగా, కొలిచినట్టు కోశాడు. పదో ముక్కకి చెయ్యి వేగం అందుకుంది. నేను పళ్లేలు అందించాను. అయిదు వందల మంది, అంత మాటకారి ఊరు, ఒక పావుగంట సేపు నోరెత్తలేదు. చెంచాల చప్పుడు, కింద నది చప్పుడు. మేస్త్రీ కత్తి పట్టుకుని అలా తినేవాళ్లనే చూస్తూ ఉండిపోయాడు. ఒక నోటి నుంచి ఇంకో నోటికి ఆయన చూపు పరుగెడుతోంది. కళ్లు తుడుచుకోవడానికి కూడా చెయ్యెత్తలేదు.

ఓల్గా గారు ముక్క తిని, పళ్లెం వైపు కాసేపు చూసి, మళ్లీ వరసలోకొచ్చి నిలబడింది. ఆవిడ కళ్లు కూడా తడిగానే ఉన్నాయి.

"పదకొండు అంతస్తులు కావాలన్నదెవరండీ?" అంది.

"మీరేనమ్మా," అన్నాను.

"నేనా? నాకు గుర్తులేదు. తీగ ఉన్న ముక్క పెట్టు. నత్త మాత్రం వద్దు." తర్వాత కోడలి వైపు తిరిగి, చెంప మీద ముద్దు పెట్టి, "నీ పంతం నీదే అయిందిగా," అంది. రుదైనా నవ్వి ఆవిడ నోటి పక్కన అంటిన చక్కెర తుడిచింది.

అందరికీ పెట్టాక కింది అంతస్తు ఇంకా సగం మిగిలింది. మిఖాయిల్ దాన్ని రొట్టెల కాగితంలో పొట్లాలు కట్టించి, వెళ్లేవాళ్లందరి చేతుల్లో పెట్టాడు. డప్పుల వాళ్లకి రెండేసి ఇచ్చాడు. కిటికీల్లోంచి వాసన చూసిన పై పేట ఆడవాళ్లకి ఒక బుట్ట విడిగా తీసి పెట్టాడు.

చివరికి పీట మీద పొడి తప్ప ఏమీ మిగల్లేదు. దాన్ని వంటింట్లోకి దించడానికి ఆ ఎనిమిది మందీ వచ్చారు. ఒక్కడు చంకలో పెట్టుకుని పోయేంత తేలిక అది. అయినా ఎవరూ ఏమీ అనుకోకుండానే దూలాలు భుజాలకెత్తుకున్నారు. మీసాల డప్పులవాడు నోట్లో కేకు నములుతూనే వచ్చి, ధమ్మని ఒక దెబ్బ వేశాడు. ఒక్కో మెట్టూ ఆగి ఆగి, కళ్లు ముందుకి పెట్టి, ఖాళీ పీటని కిందికి మోసుకెళ్లారు. మేస్త్రీ టోపీ చేతిలో పట్టుకుని వాళ్ల వెనకాలే నడిచాడు.